పెద్ద విమానమా, చిన్న విమానమా, క్రూయిజా? టికెట్ కొనే ముందు తేల్చుకోవాల్సినవి

చేతిలో వారం రోజుల సెలవుంది. ఖర్చుకు కొంత డబ్బు పక్కన పెట్టారు. "ఈసారైనా క్రూయిజ్ ఎక్కుదామండీ" అంటారు ఆవిడ. "విమానమైతే రెండు గంటల్లో దిగిపోతాం, ఉన్న కాస్త సెలవూ ఓడలోనే గడిపేస్తామా?" అంటారు ఆయన. ఈలోగా అమెరికాలో ఉన్న తమ్ముడు నలుగురు కూర్చునే విమానంలో తిరిగిన వీడియో పంపిస్తాడు. పిల్లలు ఇక దాన్ని వదలరు. చర్చ సాగుతూనే ఉంటుంది, ధరలు పెరుగుతూనే ఉంటాయి. చివరికి ఏదో ఒకటి కొంటారు గానీ, సరైనదే కొన్నామా అన్న సందేహం మాత్రం పోదు.

మీ ఇంట్లోనూ ఇలాగే జరుగుతోందా? అయితే లోపం మీ బడ్జెట్‌లో లేదు, మీ ఇష్టాల్లోనూ లేదు. మూడు వేర్వేరు వస్తువుల ధరలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో ఉంది.

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు 'క్వీన్ మేరీ 2' అనే ఓడ నడుస్తోంది. మామూలుగా ఏడు రాత్రుల ప్రయాణం. అదే లండన్‌లో విమానం ఎక్కితే ఎనిమిది గంటల్లో న్యూయార్క్‌లో ఉంటారు. 1958 అక్టోబరులో అట్లాంటిక్ మీదుగా ప్రయాణికుల జెట్ విమానాలు మొదలయ్యాక, మనుషుల్ని చేరవేసే పని క్రమంగా ఓడల చేతుల్లోంచి జారిపోయింది. మరి ఆ ఓడ టికెట్లు ఎవరు కొంటున్నారు? న్యూయార్క్ చేరే తొందర లేనివాళ్లు. వాళ్లు డబ్బు పెడుతున్నది ఆ ఏడు రాత్రుల కోసం.

ఈ అధ్యాయం చెప్పేది ఇదే. పెద్ద విమానం టికెట్‌తో మీరు గమ్యంలో గడిపే సమయాన్ని కొంటారు. క్రూయిజ్ టికెట్‌తో దారిలో గడిపే సమయాన్ని కొంటారు. చిన్న విమానంతో, మరో దారిలో తేలిగ్గా చేరలేని చోటును గానీ, ఎగరడమనే అనుభవాన్ని గానీ కొంటారు. మీకు కావలసింది ఏదో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. మిగతా సగానికి ఈ ఎనిమిది మెట్లు ఎక్కండి.

1. ప్రయాణం దేనికో ఒక్క వాక్యంలో రాయండి

మనసులో అనుకుంటే చాలదు, కాగితం మీద పెట్టండి. "ఊరికే అలా తిరిగి రావడానికి" అని రాస్తే కొట్టేసి మళ్లీ రాయండి. ఇంకాస్త స్పష్టత కావాలి.

"మేనకోడలి పెళ్లికి ముహూర్తం వేళకు చేరాలి" అని రాశారా? పెద్ద విమానం. "అమ్మానాన్నలతో వంట, ఆఫీసు ఫోన్లు లేకుండా నాలుగు రోజులు గడపాలి" అని రాశారా? క్రూయిజ్ గురించి ఆలోచించవచ్చు. "మా అమ్మాయికి పైలట్ కావాలని ఉంది, ఒక్కసారి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టాలి" అని రాశారా? చిన్న విమానం.

వాక్యం రాశాక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒక రోజు ఆలస్యమైతే ఏం పోతుంది? గమ్యంలో నాకు ఎన్ని గంటలు చేతిలో ఉండాలి? నాతో వచ్చేవాళ్లలో అందరికంటే ఓపిక తక్కువ ఎవరికి? మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారికో, ఏడాది పాపకో సరిపడని ప్రయాణం మిగతా అందరికీ కూడా భారమే అవుతుంది.

2. గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్కపెట్టండి

టికెట్ మీద రాసి ఉండేది గాల్లో ఉండే సమయం. మీరు ఖర్చుపెట్టేది ఇంటి తాళం వేసినప్పటి నుంచి చేరిన చోట చెప్పులు విడిచేదాకా పట్టే సమయం.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లాలనుకోండి. విమానంలో గంటే. కానీ కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కు గంట, గంటన్నర. విమానాశ్రయానికి రెండు గంటల ముందు చేరుకోవాలి. దిగాక సామాను కోసం అరగంట, గన్నవరం నుంచి ఊళ్లోకి మరో అరగంట. మొత్తం ఐదు గంటలు దాటుతుంది. కారులో వెళ్లినా దాదాపు అంతే. ఇక్కడ విమానం మీకు మిగిల్చేది ఏమీ లేదు. అదే ఢిల్లీకి ఈ లెక్క వేస్తే రైలుకూ విమానానికీ పోలికే ఉండదు.

క్రూయిజ్‌కు లెక్క ఇంకో రకం. ఆ ఓడలు గంటకు సుమారు 35 నుంచి 40 కిలోమీటర్లు వెళ్తాయి. ఎక్కువగా రాత్రిపూట నడిచి పగలు రేవుల్లో ఆగుతాయి. "ఐదు రాత్రులు" అని ఉంటే ఐదు రోజులు అనుకోకండి. మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కుతారు, చివరి రోజు పొద్దున్నే దించేస్తారు. నిండుగా చేతికొచ్చేవి నాలుగు రోజులు. ఒక్కో రేవులో మీకు దొరికేది కొన్ని గంటలే. ఒక ఊరిని తీరిగ్గా చూడాలనుకునేవారికి క్రూయిజ్ సరిపోదు, ఆ ఊరికి విమానంలో వెళ్లి మూడు రోజులు ఉండటమే మేలు.

3. 'చిన్న విమానం' అంటే ఏ చిన్న విమానం?

ఈ మాటతో చాలా భయాలు ముడిపడి ఉన్నాయి. ముందు విడదీసి చూద్దాం.

హైదరాబాద్ నుంచి రాజమండ్రికో కడపకో వెళ్లేటప్పుడు రెక్కలకు ఫ్యాన్లున్న విమానం కనిపించగానే కొందరు వెనక్కి తగ్గుతారు. అది ఏటీఆర్ 72. డెబ్బైకి పైగా సీట్లు, ఇద్దరు పైలట్లు, రెండు ఇంజన్లు. టైమ్ టేబుల్ ప్రకారం నడిచే ఎయిర్‌లైన్ విమానమే అది, పెద్ద జెట్‌ను నడిపే ఎయిర్‌లైన్‌పై ఉండే పర్యవేక్షణ దాని మీదా ఉంటుంది. జెట్ గంటకు 800 కిలోమీటర్లకు పైగా వెళ్తే ఇది 500 దాకా వెళ్తుంది. తక్కువ ఎత్తులో ఎగురుతుంది కాబట్టి మబ్బుల కుదుపులు కాస్త ఎక్కువ తెలుస్తాయి. అంతమాత్రాన ప్రమాదంలో ఉన్నట్టు కాదు. ఇందులో వెనక తలుపు నుంచి ఎక్కిస్తారు కాబట్టి వెనక సీట్లవాళ్లు ముందు దిగుతారు, ఫ్యాన్ల మోత కూడా అక్కడ తక్కువ. తల పైన అరలు చిన్నవి, పెద్ద ట్రాలీ బ్యాగు వాటిలో పట్టకపోవచ్చు. మందులు, నగలు, కాగితాలు విడిగా చిన్న సంచిలో పెట్టుకోండి.

ఇక నిజమైన చిన్న విమానాలు నాలుగు నుంచి పంతొమ్మిది సీట్లవి. వీటిలో ఎక్కువమంది ఎరిగినది సెస్నా 172. నాలుగు సీట్లు ఉంటాయి, గంటకు సుమారు 225 కిలోమీటర్లు వెళ్తుంది. మరి నలుగురు కూర్చోవచ్చా? ఇక్కడే పొరబడతారు. కొత్త మోడల్ మోయగలిగింది మొత్తం 400 కిలోల లోపు. ట్యాంకు నింపితే ఇంధనమే 145 కిలోల దాకా ఉంటుంది. మిగిలింది 255. ఎనభై కిలోల మనుషులు ముగ్గురు కూర్చుంటే సామానుకు మిగిలేది పదిహేను కిలోలు. నాలుగో మనిషి ఎక్కాలంటే ఇంధనం తగ్గించాలి, దూరం తగ్గించుకోవాలి. అందుకే పైలట్ మీ బరువు అడుగుతాడు. మొహమాటపడి తగ్గించి చెప్పకండి. మీరు చెప్పే అంకె మీద అందరి ప్రాణాలూ ఆధారపడి ఉంటాయి.

4. చిన్న విమానం ఎక్కే ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న కుర్రాడికి, ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్న స్నేహితుడు "శనివారం హ్యూస్టన్ వెళ్లొద్దాం రా" అన్నాడనుకోండి. సంబరపడండి, కానీ ఇవి అడగండి.

ఒకటి, ఎన్ని గంటలు నడిపావు? ఈ మోడల్ మీద ఎన్ని? రెండు, మబ్బులు కమ్మితే కేవలం పరికరాలు చూసి నడిపే అర్హత నీకుందా? మూడు, మనందరి బరువు, సామాను కలిపి లెక్క వేశావా? నాలుగు, వాతావరణం బాగాలేకపోతే మన ప్రత్యామ్నాయం ఏమిటి? ఐదు, ఖర్చు ఎలా పంచుకుంటున్నాం? అమెరికా నిబంధనల ప్రకారం ప్రైవేట్ పైలట్ మీ దగ్గర చార్జీ వసూలు చేయకూడదు. ఇంధనం, అద్దె లాంటి ఖర్చుల్లో తన వాటా తాను తప్పకుండా పెట్టుకోవాలి.

మంచి పైలట్ ఈ ప్రశ్నలకు చిరాకుపడడు, పైగా సంతోషిస్తాడు. చిరాకుపడితే అదే మీకు జవాబు.

మన దేశంలో చార్టర్ విమానం మాట్లాడుకుంటే, ఆ సంస్థకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉందో లేదో చూడండి. విమానం మీ ఊరికి ఖాళీగా వచ్చే దూరానికీ, ఖాళీగా తిరిగి వెళ్లే దూరానికీ కూడా డబ్బు మీరే కట్టాల్సి రావచ్చు. గంట రేటు విని లెక్క వేసుకోకండి, పన్నులతో సహా మొత్తం ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. మీ బీమా పాలసీ కూడా తీసి చదవండి. విమాన ప్రయాణం విషయంలో చాలా వ్యక్తిగత ప్రమాద బీమాలు టికెట్ కొని ఎయిర్‌లైన్‌లో వెళ్లే ప్రయాణికుడికే వర్తిస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం, "ఇవాళ వద్దు" అనే హక్కు పైలట్‌కు మనస్ఫూర్తిగా ఇవ్వండి. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ప్రతికూల వాతావరణంలో నల్లమల అడవుల్లో కూలిపోయింది. పదవి, హోదా, అత్యవసరం ఏవీ మబ్బులకు తెలియవు. "ఎలాగైనా వెళ్లాలి" అన్న రోజున చిన్న విమానం జోలికి పోవద్దు.

5. పెద్ద విమానాన్ని తెలివిగా వాడుకోండి

ఇది అందరికీ తెలిసిన దారే. అయినా తప్పులు జరిగేది ఇక్కడే ఎక్కువ.

మొదటి తప్పు, చవకని రెండు విడివిడి టికెట్లు కొనడం. అమెరికా నుంచి హైదరాబాద్‌కు ఒకటి, అక్కడి నుంచి రాజమండ్రికి ఇంకొకటి కొన్నారనుకోండి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో విమానం మీ కోసం ఆగదు, ఆ డబ్బూ పోవచ్చు. ఒకే టికెట్ మీద రెండూ ఉంటే తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడిగా కొనక తప్పకపోతే మధ్యలో ఒక రాత్రి ఉంచుకోండి.

రెండో తప్పు, ముఖ్యమైన పనికి ఆ రోజు చివరి విమానం ఎక్కడం. అది రద్దయితే మరో దారి ఉండదు. పొద్దున విమానం రద్దయినా సాయంత్రానికి ఇంకొకటి దొరుకుతుంది.

మూడో తప్పు, పెద్దవాళ్ల అవసరాలు చివరి నిమిషంలో అడగడం. పిల్లల దగ్గరికి మొదటిసారి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు పెద్ద విమానాశ్రయాల్లో నడక, భాష రెండూ ఇబ్బందే. వీల్‌చైర్ సాయం టికెట్ కొన్నప్పుడే నమోదు చేయించండి. అవసరమైన పెద్దవాళ్లు అది అడగడానికి చిన్నతనపడనక్కర్లేదు. బీపీ, షుగర్ మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంకు కూడా చేతి సంచిలోనే, చెక్-ఇన్ సామానులో దాన్ని ఒప్పుకోరు. పది గంటలు దాటిన ప్రయాణంలో గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయమనండి. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

6. క్రూయిజ్ ధర చూసి మోసపోకండి

ప్రకటనలో కనిపించే ధర మొదటి మెట్టు మాత్రమే. కాగితం తీసి దాని కింద ఇవి రాయండి: పోర్టు చార్జీలు, రోజుకు ఇంతని వేసే టిప్స్, వైఫై, భోజనంతో పాటు రాని పానీయాలు, రేవుల్లో విహారాలు, ఓడ బయలుదేరే ఊరికి విమానం, ముందురోజు హోటల్, ట్రావెల్ ఇన్సూరెన్స్. అప్పుడు వచ్చే మొత్తాన్ని విమానం, హోటల్, భోజనం, టాక్సీ కలిపిన మొత్తంతో పోల్చండి. అది సరైన పోలిక. ధరలు సాధారణంగా గదికి ఇద్దరి లెక్కన చెబుతారు. ఒంటరిగా వెళ్లేవారికి దాదాపు రెండు టికెట్ల ఖర్చు అవుతుంది.

ఓడ బయలుదేరే రోజునే ఆ ఊరికి విమానంలో వెళ్లకండి. విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. ముందురోజే చేరుకోండి. రేవుల్లో దిగినప్పుడూ అంతే, ఓడ చెప్పిన వేళకు గంట ముందే తిరిగి రండి.

కిటికీ లేని గది చవక. పగలంతా డెక్ మీద తిరిగేవాళ్లకు అది చాలు. నడవలేని పెద్దవాళ్లుంటే బాల్కనీ గదికి పెట్టే డబ్బు వృథా కాదు. కడుపులో తిప్పే స్వభావం ఉంటే ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో గది అడగండి, అక్కడ ఊపు తక్కువ. ఓడ కదలగానే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, సముద్రం మీద రోమింగ్ బిల్లు గుండె గుభేలుమనిపిస్తుంది. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. ఓడలో డాక్టర్ ఉంటారు గానీ ఆ ఫీజు టికెట్‌లో కలిసి ఉండదు. మధ్యలో ఒడ్డుకు తరలించాల్సి వస్తే అయ్యే ఖర్చు కూడా భరించే ఇన్సూరెన్స్ తీసుకోండి. ఇంట్లో గర్భిణి ఉంటే ముందే అడగండి, చాలా కంపెనీలు 24వ వారం నుంచి ఓడ ఎక్కనివ్వవు.

7. వీసా కాగితాలు రేవు రేవుకీ చూసుకోండి

సియాటిల్‌లో ఉన్న కొడుకు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను అలాస్కా క్రూయిజ్‌కు తీసుకెళ్లాలనుకున్నాడు. ఓడ సియాటిల్‌లో బయలుదేరి సియాటిల్‌కే వస్తుంది, మధ్యలో జూనో, స్కాగ్వే. అన్నీ అమెరికాలోనే కదా, ఇంక వీసా గొడవేముంది?

ఉంది. విదేశీ జెండాతో నడిచే ఓడలు ఇలాంటి యాత్రలో అమెరికా బయట ఒక రేవును తాకాలి. 1886 నాటి అమెరికా చట్టం వల్ల వచ్చిన నిబంధన అది. పెద్ద క్రూయిజ్ ఓడలన్నీ దాదాపుగా విదేశీ జెండాలవే. అందుకే సియాటిల్ ఓడలు చాలావరకు కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి సాధారణంగా కెనడా వీసా కావాలి, అమెరికాలోకి మళ్లీ అడుగుపెట్టే అర్హతా కావాలి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిన ఉద్యోగులు టికెట్ కొనే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. కాగితాలు లేకపోతే ఓడ ఎక్కనివ్వరు, డబ్బు కూడా తిరిగి రాకపోవచ్చు. సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్‌లో దిగేవాళ్లకూ ఇదే సూత్రం. తిరిగి ప్రవేశించే వీలున్న వీసా ఉండాలి.

8. భయాన్ని దాచుకోకండి, దానికి సమాధానం చెప్పండి

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలి 260 మంది చనిపోయాక మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు "విమానం వద్దు" అని ఉంటారు. ఆ భయాన్ని తేలిక చేయకండి. కానీ నిజం కూడా చెప్పండి: దూరంతో పోల్చి చూస్తే ఎయిర్‌లైన్ ప్రయాణం రోడ్డు ప్రయాణం కంటే ఎంతో సురక్షితం. సొంతానికి నడుపుకునే చిన్న విమానాల ప్రమాదాల రేటు ఎయిర్‌లైన్స్ కంటే చాలా ఎక్కువ.

ఓడ విషయంలో మీరు చేయాల్సిన పని ఒకటుంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాళ్లను ఢీకొని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి ప్రమాద సమయంలో ఎక్కడికి చేరాలో చూపించే డ్రిల్ ఇంకా జరగనేలేదు. ఇప్పుడు ఓడ బయలుదేరే ముందు గానీ బయలుదేరిన వెంటనే గానీ ఆ డ్రిల్ జరపాలన్నది అంతర్జాతీయ నిబంధన. ఫొటోలు పక్కన పెట్టి దానికి వెళ్లండి. మీ గది నుంచి ఆ చోటికి ఒకసారి పిల్లలతో నడిచి చూడండి.

ఒకే చోటికి మూడు దారులు

ఇప్పుడు నేర్చుకున్నదాన్ని లక్షద్వీప్ మీద ప్రయోగించి చూద్దామా? అగత్తి విమానాశ్రయం రన్‌వే సుమారు 1,200 మీటర్లే. పెద్ద జెట్‌లు దిగలేవు. కొచ్చి దాకా జెట్‌లో వెళ్లి, అక్కడి నుంచి ఏటీఆర్‌లో గంటన్నర ప్రయాణం. దీవిలో మూడు రోజులుండి పగడపు దిబ్బల దగ్గర ఈదాలనుకునే జంటకు ఇదే దారి. కొచ్చి నుంచి ప్రయాణికుల ఓడలు కూడా ఉన్నాయి. తక్కువ ఖర్చులో వెళ్లే ఓపికున్న కుర్రాళ్లకు అవి. ముంబయి నుంచి క్రూయిజ్‌లో వెళ్తే దీవి కొన్ని గంటలే దక్కుతుంది. అది కూడా ఓడ దూరంగా లంగరేసి చిన్న పడవల్లో దించితేనే, సముద్రం ఒప్పుకుంటేనే. కానీ మూడు తరాలవాళ్లు ఒకచోట తిని, ఆడి, కబుర్లు చెప్పుకోవాలనుకునే కుటుంబానికి ఆ కొన్ని గంటలు చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ఆ నెలలు వదిలేయండి. లక్షద్వీప్‌కు ప్రవేశ అనుమతి పత్రం కావాలని మర్చిపోకండి.

చూశారా? దీవి ఒకటే, మూడు కుటుంబాలకు మూడు సరైన జవాబులు. పక్కింటివాళ్లు ఏది ఎక్కారన్నది మీకు అనవసరం.

నా తీర్పు ఇది. తేదీ ముఖ్యమైతే పెద్ద విమానం. మనుషులు ముఖ్యమై, తేదీతో పనిలేకపోతే క్రూయిజ్. మరో దారి లేకపోతేనో, ఎగరడమే మీ కోరికైతేనో చిన్న విమానం, అదీ వాతావరణం బాగున్న రోజునే. ఇవాళ భోజనాలయ్యాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఆ ఒక్క వాక్యం రాయించండి. పిల్లలతో కూడా, అమ్మమ్మతో కూడా. ఆ కాగితం చేతికొచ్చేదాకా ఏ టికెట్టూ కొనకండి. వచ్చాక మాత్రం ఆలస్యం చేయకండి.